దబ్బకాయలు, నిమ్మకాయలు, కమలాలు: ఈ చలికి వేడివేడిగా ఏం వండుతున్నారు?

పుల్లమ్మ (హైదరాబాద్)

అందరికీ నమస్కారం. కోనసీమ నుంచి మా అత్తగారు దబ్బకాయలు పంపారు, సంచి నిండా. పెరట్లో చెట్టువి. ఒక్కోటి రెండు చేతులా పట్టుకుంటే గానీ ఆగదు. పులిహోర చేశాను, మళ్ళీ చేశాను, ఇప్పుడు డబ్బా తెరవకముందే పిల్లలు "మళ్ళీ అదేనా" అంటున్నారు. పైగా పులిహోర చల్లారితేనే రుచి. సాయంత్రం ఏడయ్యేసరికి ఇంట్లో అందరికీ ఆవిర్లు కక్కే తిండి కావాలి.

ఫ్రిజ్‌లో నిమ్మకాయలున్నాయి, వీధిలో బండి మీద నాగపూర్ కమలాలు చవగ్గానే వస్తున్నాయి. మిరియాలు, శొంఠి, లవంగాలు, దాల్చినచెక్కల్లాంటి ఒంట్లో వేడి పుట్టించే దినుసులతో ఈ పుల్లటి పళ్ళని కలిపి మీ ఇళ్ళల్లో ఏం చేసుకుంటారు? చారు, కూర, తీపి, తాగేది, ఏదైనా సరే. మాంసం కూడా తింటాం. ఊరగాయ ఎలాగూ పెడతాను, అది తప్ప చెప్పండి.

రాచిప్ప (రాజమండ్రి)

దబ్బకాయలుండగా చారు కాచుకోకపోతే ఎలాగండీ! మా ఇంట్లో ధనుర్మాసం పట్టిందంటే చింతపండు చారుకి సెలవు.

గుప్పెడు కందిపప్పు మెత్తగా ఉడికించి పైన తేట వంచుకోండి. అడుగు ముద్ద మర్నాటి పప్పుకి పనికొస్తుంది. మిరియాలు చెంచాన్నర, జీలకర్ర చెంచా, ధనియాలు అరచెంచా, వెల్లుల్లి రెబ్బలు పొట్టుతోనే నాలుగు వేసి రోట్లో కచ్చాపచ్చాగా దంచండి. మిక్సీలో మెత్తగా పొడి కొట్టొద్దు, చారు బురదగా అయిపోయి ఘాటంతా గొంతులో గుచ్చుకుంటుంది. తేటలో ఒక టమాటా చిదిమి, పసుపు, ఉప్పు, కరివేపాకు వేసి మరగనిచ్చి, దంచింది వేసి ఒక్క పొంగు. అంతే, పొయ్యి కట్టేయాలి.

ఇక్కడే ఓపిక పట్టాలి. నేను రాచిప్పలో కాస్తాను. పొయ్యి మీంచి దింపాక కూడా అది చాలాసేపు కుతకుతలాడుతూనే ఉంటుంది, రాయి కదా, వేడి వదలదు. అంచుల దగ్గర బుడగలు పూర్తిగా ఆగాలి. అప్పుడు దబ్బరసం. నలుగురికి మూడు చెంచాలు చాలు, మీ కాయ పులుపుని బట్టి ఇంకో చెంచా. ఆఖర్న నేతిలో ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ పోపు. అన్నంలో కలుపుకోకుండా గ్లాసులో పోసుకు తాగేవాళ్ళే మా ఇంట్లో ఎక్కువ.

మరుగుతుండగా మాత్రం పిండకండి. చేదెక్కిపోతుంది.

అనంత (హిందూపురం, ప్రస్తుతం బెంగళూరు)

చేదంటే అంత భయమెందుకు సార్? మా పక్క తొక్కతో సహా ఉడకబెడతాం. ఇక్కడ కన్నడంవాళ్ళు హేరళెకాయి గొజ్జు అంటారు, మా అమ్మ కూడా చేస్తుంది. పేరు ఏదైనా పని అదే.

తొక్క మీది పసుపుపచ్చ పొర, కొంచెం తెల్లటి మెత్త ఉండేట్టు చిన్న చిన్న ముక్కలు కోసుకోవాల. నువ్వుల నూనెలో ఆవాలు, మెంతులు, ఇంగువ పోపు పెట్టి, పచ్చిమిర్చి చీలికలు, ఈ ముక్కలు వేసి మగ్గనియ్యాల. చిక్కటి చింతపండు పులుసు పోసి, పసుపు, ఉప్పు, కారం వేసి, ముక్క వేలితో నొక్కితే నలిగేదాకా ఉడికించాల. అప్పుడు బెల్లం. కొంచెం కాదు, ధైర్యంగా వేయాల. దించేముందు వేయించిన నువ్వులు, ఎండుమిర్చి, ధనియాల పొడి. గరిటె జారుగా ఉండాల, చల్లారాక ఇంకా చిక్కబడుతుంది.

వేడి అన్నం, నెయ్యి, ఈ గొజ్జు. లేకుంటే రాగి ముద్దలోకి. తీపి, పులుపు, కారం, ఉప్పు అన్నీ పోయినాక నాలిక చివర చేదు నిలబడుతుంది చూడండి, అదే దాని రుచి. చలికాలం ఈ చేదు ఆకలి పుట్టిస్తుందని మా అవ్వ అంటుండె.

రాచిప్ప (రాజమండ్రి)

అనంత గారూ, గొజ్జుకి నేను అడ్డం చెప్పట్లేదండి. బెల్లం, చింతపండు, నువ్వులు అన్నీ ఉన్నచోట చేదు దాక్కుంటుంది. చారులో దాక్కోడానికి ఏముంది? నీళ్ళే కదా.

అనంత (హిందూపురం, ప్రస్తుతం బెంగళూరు)

దాక్కోదండీ, కూర్చుంటుంది. సరే, చారు మీది, గొజ్జు మాది.

పరీక్షనాళిక (విశాఖపట్నం)

ఇద్దరి మాటా నిజమే. ఆహార సాంకేతికత పాఠాలు చెప్పుకుని బతికేదాన్ని కాబట్టి ఇక్కడ నోరు మూసుకోలేను.

నిమ్మజాతి పళ్ళలో చేదుకి ముఖ్యంగా ఇద్దరు కారకులు. ఒకటి నారింజిన్. పంపరపనసలో, పుల్ల నారింజలో, ముఖ్యంగా తెల్లటి మెత్తలో, తొనల పొరల్లో ఉంటుంది. కొరకగానే తెలుస్తుంది. రెండోది లిమొనిన్. దీని తంతు వేరు. కాయ కోయకముందు ఇది చేదు లేని రూపంలో ఉంటుంది. రసం పిండాక, పులుపు తగిలి మెల్లిగా చేదు రూపంలోకి మారుతుంది, వేడి చేస్తే ఇంకా తొందరగా. అందుకే పిండిన వెంటనే బావున్న రసం పొద్దుపోయేసరికి చేదుగా అనిపిస్తుంది. రాచిప్ప గారు బుడగలు ఆగాలన్నది అందుకే పని చేస్తుంది.

ఇంకో సంగతి. దబ్బకాయని "రసం వస్తోంది కదా" అని బలంకొద్దీ పిండకండి. పొరలు, గింజలు నలిగితే చేదంతా రసంలోకి దిగుతుంది. తొనలు విప్పి, గింజలు తీసి, చేత్తో మెత్తగా నొక్కి వడకట్టుకోండి. కాస్త రసం పిప్పిలో మిగిలిపోయినా పోయేదేం లేదు.

గొజ్జు సంగతికొస్తే, ఉప్పు చేదుని అణుస్తుంది, ఇది నాలుక మీద నిజంగా జరిగేదే. చేదు పండు మీద ఉప్పు చల్లి చూడండి, తెలుస్తుంది. బెల్లం దానికి తోడు. కాబట్టి గొజ్జులో ఉప్పు తక్కువైతే ఎంత బెల్లం వేసినా లాభం లేదు.

మసాలా దినుసులు మాత్రం నిమ్మకి పూర్తిగా ఎదురు. లవంగం, చెక్క, మిరియం వాసనలు నూనెలో, నేతిలో బాగా దిగుతాయి, కాస్త వేడి కావాలి. నిమ్మ తొక్క వాసన ఆవిరితో ఎగిరిపోతుంది. అంచేత మసాలా మొదట్లో, నిమ్మ ఆఖర్న. నా వంటంతా ఈ ఒక్క లెక్క మీదే నడుస్తుంది.

మిర్యాల మడి (పాడేరు)

మిరియాల మాట వచ్చింది కాబట్టి దూరతన్నాను. మా మన్యంలో కాఫీ తోటల్లో నీడకి వేసిన సిల్వర్ ఓక్ చెట్లకి మిరియం తీగ పాకిస్తాం. పచ్చి గుత్తులు కోసి, ఎండలో పరిస్తే నల్లగా ముడతలు పడతాయి. లంబసింగి చూడ్డానికి వచ్చినోళ్ళు తిరుగు దారిలో ఇవే కొనుక్కెళ్తారు.

కొనేటప్పుడు గుప్పెడు నీళ్ళలో వేసి చూడండి. మంచి మిరియం మునుగుద్ది. తేలినవి తాలు గింజలో, కలిపిన బొప్పాయి గింజలో అయి ఉంటాయి. పొడి కొనకండి, అందులో ఏముందో చూసేదెలాగ?

మా ఇంట్లో ఈ చలికి చేసేది చెప్తాను, వంటకం అనే పేరు కూడా లేదు దానికి. రాగి పిండి పల్చగా జావ కాచి, దంచిన మిరియం, అల్లం, ఉప్పు వేసి, గిన్నె దింపి నిమ్మకాయ పిండుకుంటాం. పొద్దున్నే మంచులో పనికెళ్ళే ముందు అది పెద్ద గ్లాసుడు తాగితే పది దాకా ఆకలుండదు.

సాగర్ రోడ్డు (నల్లగొండ)

మాది నిమ్మ తోట. చలికాలం వచ్చిందంటే నిమ్మకాయ అడిగేటోడు ఉండడు. ఎండాకాలం గదే కాయకి రేటు మండుతది. నకిరేకల్ మార్కెట్‌కు బస్తాలు తోలితే ఒక్కోసారి కూలి గూడ ఎల్లదు. అందుకే మేమే తింటం.

మా ఇంట్ల ఆదివారం పొద్దుగాల కాళ్ళ చారు. పాయా అంటరు పట్నంల. మేక కాళ్ళు మంట మీద కాల్చినయి తెచ్చుకోవాలె, కత్తితోని గీకి, పసుపు ఉప్పు రాసి మంచిగ కడగాలె. ఇది సరిగ జెయ్యకుంటే ఎన్ని మసాలలు ఏసినా నీసు వాసన పోదు.

నూనెల చెక్క, లవంగాలు, యాలకులు, షాజీర ఏసి, ఉల్లిగడ్డ ఎర్రగ ఏగినంక అల్లమెల్లిగడ్డ, పసుపు. కాళ్ళు ఏసి జరసేపు ఏంచి, నీళ్ళు దండిగ పొయ్యాలె. మిరియాలు, శొంఠి దంచి ఏసుడే, కారప్పొడి పేరుకు మాత్రమే. ఇగ సన్నటి మంట మీద మూడు నాలుగు గంటలు. మా అమ్మ రాత్రి కట్టెల పొయ్యి మీద పెట్టి నిప్పులు సర్ది పండుకునేది, తెల్లారేసరికి బొక్క నుంచి తోలు జారేది. చారు తాగినంక పెదాలు ఒకదానికొకటి అతుక్కోవాలె, అప్పుడు అయినట్టు.

నిమ్మకాయ మాత్రం గిన్నెల పిండం. ఎవల గిన్నెల వాళ్ళు పిండుకోవాలె. జొన్న రొట్టె ముంచుకొని తింటే చలి ఎటు పోయిందో తెల్వదు.

పుల్లమ్మ (హైదరాబాద్)

అన్నా, మూడు నాలుగు గంటలు గ్యాసు మీదంటే మా ఆయన బిల్లు చూసి నన్ను చూస్తాడు. కుక్కర్లో అవదా?

సాగర్ రోడ్డు (నల్లగొండ)

అయితదక్కా. ఒక విజిల్ వచ్చినంక మంట సిమ్‌ల పెట్టి ముప్పావు గంట ఉంచు. ప్రెషర్ దానంతట అదే పోవాలె. మూత తీసినంక ఇంకో పావుగంట మరగనియ్యి. రుచి కట్టెల పొయ్యిదంత రాదు, అయినా మంచిగనే ఉంటది.

చార్‌కమాన్ (హైదరాబాద్)

పాయా మాటెత్తితే పొట్లీ మసాలా చెప్పకుండా ఎలా? బేగంబజార్‌లో అడిగితే కట్టిస్తారు. వట్టివేరు, రాతిపువ్వు, ఎండు గులాబీ రేకులు, గంధపు చెక్క, చెక్క, లవంగం, అనాసపువ్వు లాంటివి కలిపి ఉంటాయి. దుకాణాన్ని బట్టి సరుకు మారుతుంది. పల్చటి గుడ్డలో మూటకట్టి ఉడికేటప్పుడు గిన్నెలో వదిలేయాలి, చివర్న పిండి తీసేయాలి. చారు తేటగా ఉంటుంది, పంటికింద ఏదీ తగలదు.

పాయాకన్నా తేలిగ్గా కావాలంటే మరగ్ చేసుకోండి. మన హైదరాబాద్ పెళ్ళి విందుల్లో మొదట వచ్చే మటన్ సూపు అదే. ఎముకతో ఉన్న లేత మాంసం, తెల్ల మిరియాలు, యాలకులు, చెక్క, కాస్త జీడిపప్పు ముద్ద, పాలు లేదా మీగడ. పాలు పోసిన గిన్నెలోకి నిమ్మరసం వెళ్ళకూడదు, విరుగుతుంది. పక్కన నిమ్మ చెక్క పెట్టి వదిలేయండి, కావలసినవాళ్ళు గుక్క గుక్కకీ బొట్టు బొట్టు వేసుకుంటారు.

మంచుటోపీ (స్టుట్‌గార్ట్, జర్మనీ)

ఇక్కడ క్రిస్మస్ సంతలు మొదలయ్యాయి. ఊరి నడిబొడ్డున చెక్క కొట్లు, ప్రతి రెండో కొట్టులో గ్లూవైన్ పొగలు. ఎర్ర వైన్‌లో కమలా తొక్క, దాల్చినచెక్క, లవంగం, అనాసపువ్వు, చక్కెర వేసి వేడి చేస్తారు. మరిగించరు, మరిగితే ఆల్కహాల్ ఆవిరైపోతుంది మరి. కప్పుకి డబ్బు డిపాజిట్ కట్టాలి, తిరిగిస్తే వెనక్కి ఇస్తారు. మా ఇంట్లో ఇవ్వకుండా తెచ్చుకున్న కప్పులే ఒక అరనిండా ఉన్నాయి.

తాగనివాళ్ళకి, పిల్లలకి కిండర్‌పున్ష్ అని ఇంకొకటి అమ్ముతారు. అది మనింట్లో పది నిమిషాల పని. ఆపిల్ రసం లీటరు, ఎర్రటి పళ్ళ టీ అర లీటరు, దాల్చినచెక్క రెండు అంగుళాలు, లవంగాలు నాలుగు, అనాసపువ్వు ఒకటి. సన్నని సెగ మీద పావుగంట. దింపే ముందు కమలా తొక్క పొడవాటి చీలిక (తెల్ల మెత్త లేకుండా), దింపాక ఒక కమలాపండు రసం. నేను దాంట్లో శొంఠి ముక్క నలగ్గొట్టి వేస్తాను, మిరియాలు కూడా నాలుగు. ఇక్కడి స్నేహితులు మొదటి గుక్కకి కళ్ళు పెద్దవి చేసి రెండో కప్పు అడుగుతారు.

ఆ ఎర్ర టీకి రంగు, పులుపు ఇచ్చేది ఎక్కువగా ఎర్ర గోంగూర జాతి కాయల తొడుగులే. అక్కడ ఎండు గోంగూర కాయ తొడుగులు దొరికితే టీ పొట్లం అవసరం లేదు.

లవంగాలు మాత్రం లెక్కపెట్టి వేయండి. ఆరు దాటితే పళ్ళ డాక్టర్ దగ్గర కూర్చున్నట్టుంటుంది.

కూచిపూడి కోడలు (లెస్టర్, ఇంగ్లండ్)

మాకిక్కడ దబ్బకాయ దొరకదు. కానీ జనవరి రాగానే కొన్ని వారాలు మాత్రం సెవిల్ నారింజలు వస్తాయి. స్పెయిన్ నుంచి. ఇంగ్లీషువాళ్ళు మార్మలేడ్ కోసం ఎగబడతారు, నేను పులిహోర కోసం ఎగబడతాను! మా ఊళ్ళో పుల్ల నారింజ పులిహోర తిని పెరిగినవాళ్ళెవరైనా కళ్ళు మూసుకుని తింటే తేడా చెప్పలేరు. దొరికినన్నాళ్ళు తెచ్చి, కాయలకి కాయలే ఫ్రీజర్లో పడేస్తాను. కరిగాక రసం ఇంకా తేలిగ్గా వస్తుంది.

మార్మలేడ్ కూడా చేస్తాను, శొంఠి వేసి. కిలో నారింజలకి రెండు కిలోల చక్కెర. తొక్క సన్నగా తరిగి, గింజలూ పిప్పీ పల్చటి గుడ్డలో మూట కట్టి, రెండున్నర లీటర్ల నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, మర్నాడు తొక్క మెత్తబడేదాకా ఉడికించాలి. ఆ మూటని గట్టిగా పిండాలి, జిగురంతా దాంట్లోనే ఉంటుంది. తొక్క పూర్తిగా మెత్తబడకుండా చక్కెర పడిందో, ఇక ఎంతసేపు ఉడికించినా అది నార లాగానే ఉంటుంది. చక్కెర కరిగాక పెద్ద మంట, 104 డిగ్రీలు దాటేదాకా. థర్మామీటర్ లేకపోతే ఫ్రిజ్‌లో పెట్టిన పళ్ళెం మీద చుక్క వేసి వేలితో నెట్టండి, ముడత పడితే అయినట్టే. శొంఠి పొడి రెండు చెంచాలు ఆఖర్న.

చపాతీలోకి బావుంటుంది. పెసరట్టులోకి ఇంకా బావుంటుంది, నవ్వకండి.

అనంత (హిందూపురం, ప్రస్తుతం బెంగళూరు)

నవ్వట్లేదు. అది చక్కెర వేసిన గొజ్జే కదా!

మాత్రల కొట్టు (గుంటూరు)

వంటల మధ్యలో మందుల మాట, ఏమనుకోకండి. కొలెస్టరాల్‌కి వాడే కొన్ని స్టాటిన్ మాత్రలు, కొన్ని రకాల బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళు గ్రేప్‌ఫ్రూట్ తినకూడదని చెప్తాం. పంపరపనస, సెవిల్ నారింజలకీ అదే వర్తిస్తుంది. ఆ పళ్ళు మందుని శరీరం అరిగించుకోకుండా అడ్డుపడతాయి, దాంతో రక్తంలో మందు మోతాదు పెరుగుతుంది. మామూలు నిమ్మరసం నాలుగు చుక్కలతో ఈ గొడవ లేదు. ఇంట్లో పెద్దవాళ్ళుంటే మాత్రల పట్టీ ఒకసారి డాక్టరుకి చూపించి అడగండి.

అలాగే రోజూ దాల్చినచెక్క కషాయం తాగేవాళ్ళు చూసుకోండి. మన కొట్లలో దొరికే మందపాటి గరుకు చెక్క ఎక్కువగా కేసియా అనే రకం. అందులో కౌమరిన్ అనే పదార్థం ఎక్కువ, రోజూ ఎక్కువెక్కువగా తీసుకుంటే కొందరికి కాలేయానికి మంచిది కాదు. పల్చటి పొరలు పొరలుగా చుట్టుకుని, చేత్తో నలిపితే పొడయ్యేది సిలోన్ చెక్క. కూరలో వేసే ముక్కకి ఏదైనా ఫర్వాలేదు.

తులసికోట (నెల్లూరు)

దబ్బాకులు ఎవరూ చెప్పలేదేంటి? అత్తగారు కాయలు పంపారు కదా, ఈసారి వచ్చేవాళ్ళతో ఆకులు కూడా పంపమనండి. లేతాకు నడిమి ఈనె తీసేసి చేత్తో నలిపి మజ్జిగలో వేస్తే వేసవి పానీయం. చలికాలం అదే ఆకు మజ్జిగ చారులో. అల్లం, మిరియం, జీలకర్ర నూరి పల్చటి మజ్జిగలో కలిపి, గోరువెచ్చగా మాత్రం కాచి (పొంగితే విరుగుద్ది), పోపు పెట్టి, నలిపిన ఆకు వేసి మూత పెట్టేయాలి. తినేముందు ఆకు తీసేయాలి. పులుపు రాదు, వాసన ఒక్కటే.

ఇక కమలా తొక్కలు పారేయొద్దు. మా ఇంట్లో పచ్చడి చేస్తాం. తొక్కలు ముందు గోరువెచ్చని నీళ్ళలో గట్టిగా రుద్ది కడగండి, మైనం పూత ఉంటుంది. సన్నగా తరిగి, ఒకసారి నీళ్ళలో ఉడికించి ఆ నీళ్ళు పారబోసి, నూనెలో వేయించి, చింతపండు, బెల్లం, ఎండుమిర్చి, మెంతులు, ఆవాలు వేయించిన పొడితో నూరుకోవడమే. మిరియాల పొంగలిలోకి నంజుకోవాలి దీన్ని.

పుల్లమ్మ (హైదరాబాద్)

పొంగలి కొలత కూడా చెప్పండి పిన్నీ, నాది ఎప్పుడూ చల్లారగానే గట్టిపడుతుంది.

తులసికోట (నెల్లూరు)

బియ్యం గ్లాసు, పెసరపప్పు ముప్పావు గ్లాసు, నీళ్ళు ఆరు గ్లాసులు. నాలుగు గ్లాసులతో చేస్తే గట్టిపడక ఏమవుద్ది తల్లీ? పప్పు కమ్మటి వాసన వచ్చేదాకా వేయించు, రంగు మారకూడదు. మిరియాలు సగం గింజలు, సగం దంచినవి. నేతిలో జీలకర్ర, అల్లం, జీడిపప్పు, కరివేపాకు. నెయ్యి దగ్గర చెయ్యి ముడుచుకోవద్దు. వడ్డించేముందు అర గ్లాసు వేణ్ణీళ్ళు కలిపితే మళ్ళీ జారుగా అవుద్ది.

పరీక్షనాళిక (విశాఖపట్నం)

తీపి ఎవరూ చెప్పలేదు కాబట్టి రెండు ముక్కలు. గోధుమరవ్వ హల్వా మామూలుగా చేసి, నీళ్ళు సగానికి తగ్గించి, మిగతా సగానికి బదులు దింపే ముందు కమలా రసం పోయండి. పైన తొక్క తురుము, ఏలకులు, చిటికెడు జాజికాయ. చిటికెడే, జాజికాయ ఎక్కువైతే మంచిది కాదు. కమలా పాయసం కావాలంటే పాలు మరిగించి పూర్తిగా చల్లారాకే తొనలు కలపాలి. అది వేడిగా తినేది కాదు, ఈ చర్చకి పనికిరాదు, వదిలేయండి.

సాగర్ రోడ్డు (నల్లగొండ)

బత్తాయి గురించి ఒక్కలు చెప్పలే. నల్లగొండ పేరు బత్తాయితోని ఉన్నది గదా!

పరీక్షనాళిక (విశాఖపట్నం)

బత్తాయిలో పులుపు తక్కువ అన్నగారూ, వంటలో నిలబడదు. పైగా పిండి పక్కన పెట్టిన రసం చేదెక్కడంలో అది ముందుంటుంది. రసం పిండుకుని, చిటికెడు మిరియాల పొడి, ఉప్పు వేసుకుని అప్పటికప్పుడు తాగేయడమే దానికి మర్యాద.

సాగర్ రోడ్డు (నల్లగొండ)

మర్యాద అన్నవు గాబట్టి ఊకుంటున్న.

పుల్లమ్మ (హైదరాబాద్)

నిన్న రాత్రి చారు, ఇవాళ మధ్యాహ్నం గొజ్జు అయ్యాయి. చారు సంగతి చెప్పాలంటే, బుడగలు ఆగేదాకా పిల్లలు గ్లాసులు పట్టుకుని నిలబడ్డారు. మా ఇంట్లో రాచిప్ప లేదు, స్టీలు గిన్నె అయితే త్వరగానే ఆగింది. దబ్బరసం పడగానే వంటిల్లంతా ఒక వాసన వచ్చింది, చింతపండు చారుకి ఎప్పుడూ రానిది. గొజ్జు మాత్రం పెద్దవాళ్ళకే నచ్చింది. మా ఆయన రెండోసారి వేసుకున్నారు, చిన్నది ఒక్క ముద్ద తిని నీళ్ళ గ్లాసు అందుకుంది.

ఆదివారం కుక్కర్లో పాయా. నిమ్మకాయ బదులు దబ్బకాయ పిండుకోవచ్చా, రుచి చెడుతుందా? ఇంకా చాలా కాయలున్నాయి మరి.

చార్‌కమాన్ (హైదరాబాద్)

చెడదు, కానీ దబ్బ వాసన మసాలాని తొక్కేస్తుంది. పొట్లీ వేస్తే నిమ్మకాయే వాడండి. సాగర్ రోడ్డు గారి పద్ధతిలో మిరియం, శొంఠితో చేస్తే దబ్బ బావుంటుంది.

సాగర్ రోడ్డు (నల్లగొండ)

పిండుకోవచ్చక్కా. ముందు ఒక్కరి గిన్నెల ఏసి చూడుండ్రి, మొత్తం గిన్నెల పొయ్యకుండ్రి. నచ్చకుంటే నిమ్మకాయలు పంపిస్త, ఈ రేటుకు అమ్ముకునుడు కన్న అది నయం.

రాచిప్ప (రాజమండ్రి)

మిగిలిన దబ్బకాయలు ఒక్కసారే కోసేయకండి. కోయని కాయ నీడపట్టున గాలి తగిలేచోట చాలా రోజులు నిలుస్తుంది, కోసిందే పాడవుతుంది. కోసిన కాయ తప్పదంటే రసం వెంటనే వడకట్టి, ఉప్పు కలిపి ఐస్ ట్రేలో పోసి గడ్డ కట్టించండి. చారుకి రెండు గడ్డలు సరిపోతాయి, దింపాకే సుమండీ!